నలభై కంప్యూటర్ల గడియారాలు: నేరుగా ఎన్‌ఐసీకా, ఆఫీసులోనే ఒక సర్వర్‌కా?

చర్లపల్లి_సిస్టమ్స్:
చర్లపల్లి పారిశ్రామికవాడలో మాది చిన్న సంస్థ. డొమైన్‌లో (ఒకే చోటి నుంచి లాగిన్‌లు నడిచే నెట్‌వర్క్‌లో) నలభై దాకా విండోస్ కంప్యూటర్లు, ఒక లినక్స్ ఫైల్ సర్వర్, సీసీ కెమెరాల రికార్డర్, వేలిముద్రల హాజరు యంత్రం ఉన్నాయి. ఏ రెండింటి టైమూ కలవదు. లారీ గేటు దాటిన టైము కెమెరాలో ఒకటి, బిల్లులో మరొకటి. రవాణా వాళ్లతో తగువు వస్తే ఏది చూపించాలో తెలియడం లేదు. ఆడిటర్ గారు అన్ని యంత్రాలనూ నేరుగా ఎన్‌ఐసీ (ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) టైము సర్వర్లకు కలపమంటున్నారు. మా నెట్‌వర్క్ చూసే ఆయన ఆఫీసులోనే ఒక ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీద మిగతా యంత్రాలకు టైము చెప్పేది) పెడితే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

నిబంధనల_మనిషి:
ఇందులో చర్చకు తావే లేదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కంపెనీలకూ వర్తిస్తాయి. గడియారాలు ఎన్‌ఐసీ సర్వర్లతో గానీ, దేశ ప్రామాణిక కాలాన్ని నిర్వహించే ఢిల్లీలోని ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో గానీ కలిసి ఉండాలి. ఎన్‌ఐసీకి సమయ్1, సమయ్2 అని సర్వర్లున్నాయి. ప్రతి కంప్యూటర్లోనూ ఆ పేర్లు ఇచ్చేయండి. మధ్యలో దళారీ దేనికి?

రాత్రి_డ్యూటీ:
నిబంధనల మనిషి గారూ, వాక్యాన్ని సగంలో ఆపేశారు. ఆ సర్వర్లను ఆధారంగా చేసుకుని నడిచే ఇతర ఎన్‌టీపీ సర్వర్లకూ అందులో అనుమతి ఉంది. ఆఫీసు సర్వర్ సమయ్1ను అనుసరిస్తూ, మిగతావి ఆఫీసు సర్వర్‌ను అనుసరిస్తే ఆదేశాన్ని పాటించినట్టే.

పైగా మీ సలహా చర్లపల్లి గారికి చేటు చేస్తుంది. డొమైన్‌లో ఉన్న విండోస్ కంప్యూటర్ మామూలుగా లాగిన్‌లు చూసే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్ దగ్గరే టైము తీసుకుంటుంది. లాగిన్‌ను సరిచూసే కెర్బరోస్ పద్ధతి సహించే టైము తేడా సాధారణంగా ఐదు నిమిషాలు. కంట్రోలర్‌ను తప్పు టైములో వదిలేసి నలభై కంప్యూటర్లనూ బయటికి తిప్పారంటే సోమవారం పొద్దున్నే లాగిన్ చిక్కులు మొదలవుతాయి. విండోస్ వాటిలో బయటికి చూడాల్సింది ఒక్కటే, పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో (డొమైన్‌కంతా టైము ఇచ్చే పాత్రలో) ఉన్న కంట్రోలర్. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టును (ఎన్‌టీపీ వాడే దారిని) దానికీ, లినక్స్ సర్వర్‌కూ తెరిస్తే సరిపోతుంది.

నిబంధనల_మనిషి:
ఆ ఒక్కటీ దారి తప్పితే? నలభై కంప్యూటర్లూ ఒకేసారి తప్పు చెబుతాయి కదా! నేరుగా కలిపితే ఒకటి చెడినా ముప్పై తొమ్మిది సరిగ్గా ఉంటాయి.

రాత్రి_డ్యూటీ:
న్యాయమైన ప్రశ్నే. అందుకే పై సర్వర్‌కు ఒకే ఆధారం ఇవ్వకూడదు. రెండు ఇచ్చినా లాభం లేదు, అవి విభేదించినప్పుడు ఎవరిది అబద్ధమో తేలదు. నాలుగు ఇవ్వండి: ఎన్‌ఐసీవి రెండు, ఎన్‌పీఎల్‌ది ఒకటి, భారత ఎన్‌టీపీ పూల్ (స్వచ్ఛందంగా నడిపే టైము సర్వర్ల సమూహం) నుంచి ఒకటి. గూగుల్ సర్వర్‌ను మాత్రం వీటితో కలపకండి. లీప్ సెకను (భూభ్రమణంతో సరిపోవడానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని ఒక రోజు పొడవునా పరిచేస్తుంది, మిగతావి అలా చేయవు. చివరి లీప్ సెకను 2016 ఆఖరున వచ్చింది కాబట్టి చాలామందికి ఇది గుర్తుండదు.

లినక్స్‌లో క్రోనీ (టైము సరిచేసే ప్రోగ్రామ్) ఉంటే ‘క్రోనీసీ సోర్సెస్’ అని కొట్టి చూడండి. నక్షత్రం గుర్తు ఉన్నదాన్నే అది ప్రస్తుతం అనుసరిస్తోంది. రీచ్ గడిలో 377 ఉంటే గత ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు. సున్నా కదలకుండా ఉంటే ముందు ఫైర్‌వాల్‌ను అనుమానించండి.

మాదాపూర్_మేడ:
ఇంటర్నెట్ మీద ఎందుకు ఆధారపడాలి? మేడ మీద జీపీఎస్ యాంటెనా పెట్టుకుంటే మీదే స్ట్రాటమ్ 1 (ప్రామాణిక గడియారానికి నేరుగా కలిసిన సర్వర్) అవుతుంది. మన దేశపు నావిక్ ఉపగ్రహాల సంకేతాలు అందుకునే రిసీవర్లూ దొరుకుతున్నాయి.

రాత్రి_డ్యూటీ:
లారీ గేటు దాటిన టైముకు మైక్రోసెకన్లు ఎందుకండీ? పిడుగు జాగ్రత్తలు, కేబుల్ ఖర్చు, అద్దె భవనమైతే మేడ ఎక్కనివ్వమని ఓనర్‌ను బతిమాలడం. స్టాక్ బ్రోకర్లకు వదిలేయండి.

లెక్కల_గుమాస్తా:
మీరంతా ఆధారం గురించే కొట్టుకుంటున్నారు. గడియారాన్ని సరిచేసేటప్పుడు ఒక్కసారిగా వెనక్కి దూకిస్తే నా గతేమిటి? 11:04కు వేసిన బిల్లు తర్వాత 11:01 బిల్లు వస్తే ఆడిటర్ గారికి జవాబు చెప్పుకునేది నేనే.

రాత్రి_డ్యూటీ:
అందుకే క్రోనీతో సాధారణంగా వచ్చే అమరిక ‘మేక్‌స్టెప్ 1.0 3’. మొదలైనప్పుడు తొలి మూడు సవరణల్లోనే, తేడా ఒక సెకను దాటితేనే దూకుతుంది. ఆ తర్వాత గడియారం వేగాన్ని పెంచీ తగ్గించీ మెల్లగా దారికి తెస్తుంది. కాబట్టి తొలి సవరణ రాత్రి పూట, బిల్లింగ్ ఆపి చేయండి. క్రోనీ కాక పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ అయితే తేడా 1000 సెకన్లు దాటగానే ఏమీ సరిచేయకుండా ఆగిపోతుంది. జనం దాన్ని పాడైందనుకుంటారు.

చర్లపల్లి_సిస్టమ్స్:
టైము ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని కంట్రోలర్‌లో ‘డబ్ల్యూ32టీఎం /క్వెరీ /సోర్స్’ కొట్టాను. ‘వీఎం ఐసీ టైమ్ సింక్రనైజేషన్ ప్రొవైడర్’ అని వచ్చింది. ఆ కంట్రోలర్ హైపర్-వీ (ఒక కంప్యూటర్లో మరో కంప్యూటర్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) మీద నడిచే వర్చువల్ యంత్రం. దాన్ని నడిపే అసలు కంప్యూటర్, అంటే హోస్ట్ కూడా ఇదే డొమైన్‌లో ఉంది. ఇంకొకటి, కెమెరాల రికార్డర్ సరిగ్గా రెండున్నర గంటలు ముందుంటోంది.

రాత్రి_డ్యూటీ:
దొరికింది. కంట్రోలర్ హోస్ట్‌ను అడుగుతోంది, హోస్ట్ కంట్రోలర్‌ను అడుగుతోంది. బయటి టైము లోపలికి వచ్చే దారే లేదు. హైపర్-వీ అమరికల్లో ఆ కంట్రోలర్‌కు టైమ్ సింక్రనైజేషన్ తీసేసి, దానికి ఆ నాలుగు ఆధారాలూ ఇవ్వండి. రికార్డర్ గొడవ వేరు. ఎన్‌టీపీ పంపేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) మాత్రమే, 5:30 కలుపుకోవాల్సింది యంత్రమే. మీది చైనా టైమ్ జోన్‌లో, +8లో ఉన్నట్టుంది. +5:30కి మార్చి, లినక్స్ సర్వర్ చిరునామా ఇవ్వండి.

నిబంధనల_మనిషి:
చేయండి, కాదనను. కానీ ఏ యంత్రం దేన్ని అనుసరిస్తోందో రాసిన కాగితం, ఎన్‌ఐసీ సర్వర్లు జవాబిస్తున్నట్టు చూపే లాగ్ 180 రోజులవి దగ్గర పెట్టుకోండి. ఆ ఆదేశాల్లోనే లాగ్‌ల గడువూ ఉంది. అవి లేకపోతే నేను ఆడిటర్ గారి పక్షమే.