ఫ్యాన్ ప్యానెల్‌లో "ఈ క్యారెక్టర్ గేనా" అని అడిగితే హాల్లో నవ్వారు. ఈసారి ఎలా అడగాలి?

నీలిపిక్సెల్:

పోయిన ఏడాది నాకు చాలా ఇష్టమైన ఒక గేమ్ టీమ్ ప్యానెల్‌కి వెళ్లాను. స్టేజ్ మీద రైటర్ ఒకరు, వాయిస్ యాక్టర్లు ఇద్దరు ఉన్నారు. ప్రశ్నల టైమ్‌లో మైక్ దగ్గర లైన్లో చాలాసేపు నిలబడి, నా వంతు రాగానే "ఇతను గేనా కాదా, ఎప్పుడు చెప్తారు" అని అడిగేశాను. టెన్షన్‌తో గొంతు వణికింది కూడా. వెనక నుంచి ఎవరో "అబ్బా, మళ్లీ ఇదేనా" అని గట్టిగా అన్నారు, కొంతమంది నవ్వారు. యాక్టర్లిద్దరూ రైటర్ వైపు చూశారు, ఆయన "మీకు ఎలా అనిపిస్తే అలా" అన్నారు, అంతే, మోడరేటర్ తర్వాతి వాళ్లని పిలిచేశారు. అంతా కలిపి అర నిమిషం కూడా కాదు. వచ్చి కూర్చున్నాక మిగతా ప్యానెల్‌లో ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఇది నాకు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. నేను బైసెక్సువల్‌ని. 2014లో ది లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్‌కి అదనపు భాగంగా వచ్చిన లెఫ్ట్ బిహైండ్ ఆడుతున్నప్పుడు ఎల్లీ, రైలీ అనే ఇద్దరమ్మాయిలు ముద్దు పెట్టుకునే చోట కంట్రోలర్ పక్కన పెట్టేసి అలాగే కూర్చుండిపోయాను. నా మనసులో ఉన్నది అప్పటికి ఎవరికీ చెప్పలేదు, ఒక ఆట నా కంటే ముందు చెప్పేసినట్టు అనిపించింది. అందుకే ఇలాంటి క్యారెక్టర్ల గురించి వాటిని తయారుచేసిన వాళ్ల నోటి నుంచే వినాలని ఉంటుంది.

వచ్చే నెల అదే టీమ్ ప్యానెల్ మళ్లీ ఉంది. అడగాలా, ఊరుకోవాలా? అడిగితే ఎలా?

మూడోలైఫ్:

అడగండి. నేను కొన్ని ఈవెంట్లలో వాలంటీర్‌గా ప్యానెల్స్ నడిపాను కాబట్టి ముందు ఒక మాట. వెనక నుంచి అరిచిన మనిషిని ఆపడం మోడరేటర్ పని. ఆపలేదంటే తప్పు అక్కడ జరిగింది, మీ ప్రశ్న దగ్గర కాదు.

ఇక ప్రశ్న సంగతి. "గేనా కాదా" అని అడిగినప్పుడు స్టేజ్ మీద ఉన్నవాళ్లకి సమాధానం తెలిసినా చెప్పే స్వేచ్ఛ చాలాసార్లు ఉండదు. తర్వాతి భాగం కథ బయటపెట్టకూడదని సంతకం చేసి ఉంటారు, ఏ విషయం ఎప్పుడు ప్రకటించాలో కంపెనీలో ఇంకెవరో నిర్ణయిస్తారు. వాయిస్ యాక్టర్లకైతే చాలాసార్లు వాళ్ల డైలాగుల కాగితాలు తప్ప మొత్తం కథ చేతికి రాదు. మీరు వాళ్ల దగ్గర లేని తాళం అడిగారు, అందుకే వాళ్లు రైటర్ వైపు చూశారు.

కాబట్టి వాళ్లు ఇప్పటికే చేసిన పని గురించి అడగండి. ఉదాహరణకి డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్ అనే గేమ్‌లో డోరియన్. డేవిడ్ గైడర్ రాసిన క్యారెక్టర్, మగవాళ్లనే ఇష్టపడతాడు, రక్తమంత్రంతో తనని మార్చేయాలని చూసిన తండ్రిని ఎదుర్కొనే సీన్ ఒకటి ఉంది. "డోరియన్ గేనా" అంటే అవును అని ఒక్క మాటతో అయిపోతుంది. "ఆ తండ్రిని పూర్తి విలన్‌గా రాయకుండా ఎందుకు వదిలారు" అంటే రైటర్ ఐదు నిమిషాలు మాట్లాడతారు, హాల్లో ఆ ఆట ఆడనివాళ్లు కూడా వింటారు.

ప్రశ్న ముందే ఫోన్‌లో రాసుకోండి. సీన్ గుర్తుచేసే వాక్యం ఒకటి, ప్రశ్న ఒకటి, అంతకంటే వద్దు. ఒక సీన్ గురించి యాక్టర్‌ని అడిగినా ఫర్వాలేదు కానీ వాళ్ల సొంత జీవితం జోలికి మాత్రం వెళ్లకండి.

చెప్పేయండి:

మూడోలైఫ్ గారు చెప్పిన పద్ధతి బాగుంది, కానీ "గేనా కాదా" అనేది తక్కువ రకం ప్రశ్న అన్నట్టు వినిపిస్తోంది, అది నేను ఒప్పుకోను. ఓవర్‌వాచ్ గేమ్ చూడండి. అందులో ట్రేసర్ అనే క్యారెక్టర్ లెస్బియన్ అని 2016 డిసెంబర్‌లో ఒక కామిక్‌లో చెప్పారు, సోల్జర్ 76 అనే ఇంకో క్యారెక్టర్ గే అని 2019 జనవరిలో ఒక చిన్న కథలో. రెండూ ఆటకి బయటే. కేవలం ఆట ఆడేవాళ్లకి అప్పట్లో ఇవి తెలిసే అవకాశం తక్కువ, పైగా ఆ కామిక్‌ని అక్కడి చట్టం వల్ల రష్యాలో అందుబాటులో ఉంచలేదు. ఇలా పక్క దారిలో చెప్పడం అలవాటైనప్పుడు ఎదురుగా నిలబడి సూటిగా అడిగేవాళ్లు ఉండాలి. "మీకు ఎలా అనిపిస్తే అలా" అంటే ఎవరినీ నొప్పించకుండా అందరి దగ్గరా డబ్బు తీసుకోవడమే అని నా అభిప్రాయం.

సూటి సమాధానం విలువ ఏంటో నాకు సెలెస్ట్ వల్ల తెలిసింది, మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కే గేమ్ అది. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన చివరి భాగంలో మాడెలిన్ టేబుల్ మీద చిన్న ప్రైడ్ జెండా, ట్రాన్స్ జెండా కనిపిస్తాయి. మాట ఒక్కటి లేదు. ఏడాదికి పైగా అందరూ అడుగుతూనే ఉన్నారు. 2020 నవంబర్‌లో ఆట తయారుచేసిన మ్యాడీ థోర్సన్ అవును, మాడెలిన్ ట్రాన్స్ అని రాశారు. ఆట తయారుచేస్తున్నప్పుడు మాడెలిన్ గురించే కాదు, తన గురించి కూడా తనకి ఆ విషయం తెలియదని అందులోనే చెప్పారు. అది చదివాక ఆ కొండ మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కాను. అద్దంలో కనిపించే ఆ రెండో మాడెలిన్‌తో జరిగే గొడవంతా ఇంకోలా అర్థమైంది. అడగడం ఆపేసి ఉంటే ఆ జవాబు వచ్చేదో లేదో.

బాస్‌ఫైట్:

నాది కాస్త వేరే మాట, కోపం తెచ్చుకోకండి. ప్యానెల్ అంటే ముప్పావు గంటో గంటో, అందులో ప్రశ్నలకి మిగిలేది పావు గంట. ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారు అనే ప్రశ్నలతోనే అది అయిపోతుంటే, డిజైన్ గురించి అడగాలని వచ్చిన నాలాంటి వాళ్లకి చోటు ఉండదు. నవ్వడం మాత్రం ముమ్మాటికీ తప్పే.

అయితే ఈ విషయంలో డిజైన్ ప్రశ్నలు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ అడగరు. స్టార్‌డ్యూ వ్యాలీలో పెళ్లికి ఉన్న క్యారెక్టర్లందరూ మీ క్యారెక్టర్ ఆడా మగా అని చూడకుండా ఒప్పుకుంటారు. బాల్డర్స్ గేట్ 3లో ప్రేమించగలిగే సహచరులూ అంతే. డోరియన్ అలా కాదు, ఆడ క్యారెక్టర్‌తో ఆడితే కుదరదంటాడు. మొదటి పద్ధతిలో ఆడేవాళ్లకి స్వేచ్ఛ ఎక్కువ, రెండో దాంట్లో ఆ మనిషికంటూ ఒక జీవితం ఉన్నట్టు ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం, కానీ ఏది ఎందుకు ఎంచుకున్నారో ఒక డిజైనర్ చెప్తే గంటైనా వింటాను.

అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో ఈ లెక్క తప్పింది. అసలు ఆటలో ఎవరిని ఇష్టపడాలో మీ చేతిలోనే పెట్టి, 2019 జనవరిలో వచ్చిన అదనపు కథలో మీరు ఏం ఎంచుకున్నా సరే అవతలి జెండర్ వాళ్లతో సంబంధం, బిడ్డ అని కట్టేశారు. అన్ని గంటలు అందులోని హీరోయిన్ కసాండ్రాని లెస్బియన్‌గా ఆడినవాళ్లకి ఎలా ఉంటుంది? గొడవ అయ్యాక ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి ఆ సీన్లు కొంత మార్చింది, అక్కడ ఆడేవాళ్లకి వచ్చే, "పెద్దవాళ్లవడం" అని అర్థం వచ్చే ట్రోఫీ పేరు కూడా మార్చింది. ఇలాంటిది అడిగితే నేనే ముందు వరసలో చప్పట్లు కొడతాను.

రెండోపేరు:

నేను ట్రాన్స్ మనిషిని. పైన ఎవరూ అనని ఒక విషయం, నీలిపిక్సెల్ గారూ, దయచేసి ఇది పట్టించుకోండి. ప్యానెల్స్‌ని చాలా చోట్ల వీడియో తీస్తారు, తర్వాత నెట్‌లో పెడతారు. మైక్ దగ్గర మీ మొహం, గొంతు అందులో ఉంటాయి. ఇక్కడ రాసినంత తేలిగ్గా అక్కడ "నేను బైసెక్సువల్‌ని" అంటే, మీరు ఇంకా చెప్పని వాళ్ల దాకా అది వెళ్లొచ్చు. మీ గురించి ఏమీ చెప్పకుండానే క్యారెక్టర్ గురించి అడగొచ్చు, అందులో పిరికితనం ఏమీ లేదు. ప్రశ్నలు చీటీ మీద తీసుకునే ప్యానెల్ అయితే ఇంకా మంచిది, లేదంటే తోడుగా వచ్చిన ఫ్రెండ్‌ని అడగమనండి.

నేనైతే గొంతు ఎవరిది అనే అడుగుతాను. 2014లో ఇంక్విజిషన్‌లో క్రెమ్ అనే ట్రాన్స్ మగవాడికి గొంతిచ్చింది జెన్నిఫర్ హేల్. ఆమె గొప్ప నటి, క్రెమ్ అంటే నాకు ప్రాణం, అయినా ఆ గొంతు వింటుంటే ఏదో వెలితి. 2020కి వచ్చేసరికి లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో లెవ్‌గా ఇయాన్ అలెగ్జాండర్, టెల్ మీ వైలో టైలర్‌గా ఆగస్ట్ ఏడెన్ బ్లాక్, ఇద్దరూ ట్రాన్స్ నటులే. ఆరేళ్లలో ఏం మారిందో చెప్పగలిగింది నటుల్ని ఎంపిక చేసినవాళ్లే, కానీ వాళ్లని స్టేజ్ మీదకి పిలవడం తక్కువ.

నవ్వని హాళ్లు కూడా ఉంటాయండి. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో మనలాంటి గేమర్ల కోసం పెట్టిన గేమర్‌ఎక్స్ ఈవెంట్ మొదటిసారి జరిగినప్పుడు, పోర్టల్ గేమ్‌లో గ్లాడోస్ అనే కంప్యూటర్ క్యారెక్టర్‌కి గొంతిచ్చిన ఎలెన్ మెక్‌లేన్ ఒక గే జంట పెళ్లి ప్రపోజల్‌కి అందరి ముందూ సాయం చేశారు. ఆ వీడియో చూసి ఏడ్చేశాను.

నీలిపిక్సెల్:

అందరికీ థ్యాంక్స్. వీడియో సంగతి నాకు అసలు తట్టలేదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు కూడా, రెండోపేరు గారికి చాలా రుణపడి ఉన్నాను. బాస్‌ఫైట్ గారూ, కోపం ఏమీ లేదు.

రాత్రి కూర్చుని ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి: "రెండో భాగం చివర అతను చేతి వాచీ తీసి, చనిపోయిన స్నేహితుడి సమాధి మీద పెట్టే సీన్‌లో డైలాగ్ లేదు. అక్కడ మొదట ఏమైనా డైలాగ్ రాశారా, రాసి ఉంటే ఎందుకు తీసేశారు?"

మూడోలైఫ్:

చాలా బాగుంది. ఒక్కటే మార్పు. "ఏమైనా రాశారా" అంటే లేదు అని ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. "ఆ సీన్ మొదటి రూపం ఎలా ఉండేది" అని అడగండి.

చెప్పేయండి:

అది విన్నాక ఆయన మళ్లీ "మీకు ఎలా అనిపిస్తే అలా" అంటే మైక్ వదలకండి. "మీరు రాసేటప్పుడు మీకు ఎలా అనిపించింది" అనండి.

నీలిపిక్సెల్:

రెండూ ఫోన్‌లో రాసుకున్నాను. చీటీ పద్ధతి ఉందో లేదో కనుక్కోవడానికి ఈవెంట్ వాళ్లకి ఇప్పుడే మెయిల్ పెట్టాను.