వెళ్లలేని కాపురంలో విడిగా డబ్బు కూడబెట్టుకోవడం మోసమా?

వేకువ:
పెళ్లయి పదహారేళ్లయింది. మా ఇంట్లో కొట్టడాలు, తిట్టడాలు లేవు గాని, మా మాటలన్నీ పిల్లల ఫీజు దగ్గర మొదలై ఇంటి వాయిదా దగ్గర ముగిసిపోతాయి. ఖాతా ఒక్కటే, దాని సందేశాలు వెళ్లేది ఆయన ఫోన్‌కే. మొన్న తలనొప్పి మాత్రలు కొని దుకాణం మెట్లు దిగకముందే “దేనికి?” అని ఆయన దగ్గర నుంచి ఒక్క మాట వచ్చింది. ఆ రోజు నుంచి, ఇంటి దగ్గర చేసే అనువాదాలకు వచ్చే డబ్బులో కొంత ఆయనకు చెప్పకుండా నా పేరున వేరే ఖాతాలో వేస్తున్నాను. నా ఒక్కదాని సంపాదనతో అద్దె, పిల్లల ఖర్చులు గడవవు కనుక ఇప్పట్లో బయటికి వెళ్లలేను. అయినా ఈ దాపరికం నన్ను తొలిచేస్తోంది. ఇది మోసమా, జాగ్రత్తా?

నిలకడ:
వేకువ గారూ, నా మాట కఠినంగా తోచవచ్చు. ఒకే కప్పు కింద ఉంటూ దాచడం మొదలుపెట్టాక, ఆ కాపురం బాగుపడడానికి మిగిలిన కాస్త దారి కూడా మూసుకుపోతుందని నా భయం. సామాజిక శాస్త్రవేత్త పాల్ అమాటో బృందం 1995లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన గొడవలున్న తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లలు పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారని, గొడవలు తక్కువగా ఉన్న ఇళ్లలో మాత్రం తల్లిదండ్రులు కలిసి ఉండడమే వారికి మేలు చేసిందని తేలింది. మీది రెండవ రకం ఇల్లులా కనిపిస్తోంది. ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని కొంత సొమ్ము ఇద్దరికీ విడివిడిగా ఉండాలని ఆయనను ఎప్పుడైనా నేరుగా అడిగారా?

గట్టు:
నిలకడ గారితో నేను ఏకీభవించలేను. మాత్రల కొనుగోలుకు కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసిన మనిషిని ముందు వెళ్లి అడగమనడం, బలం ఉన్నవారి అనుమతితోనే బలం తెచ్చుకోమనడమే అవుతుంది. షెల్లీ లుండ్‌బర్గ్, రాబర్ట్ పోలాక్ అనే ఆర్థికవేత్తలు 1993లో ఒక సంగతి వివరించారు: భార్యాభర్తల బేరసారాల్లో బెదిరింపుగా పనిచేసేది ఎప్పుడూ విడాకులే కానక్కరలేదు, ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి పనులు వారు చూసుకుంటూ సహకారం మానేసిన కాపురం కూడా కావచ్చు. వేకువ గారు ఇప్పుడున్నది సరిగ్గా అక్కడే అనిపిస్తుంది. అటువంటి కాపురంలో ఎవరి చేతికి ఎంత సొమ్ము వస్తుందన్నదే ఎవరి మాట చెల్లుతుందో నిర్ణయిస్తుంది. అందుచేత ఆ ఖాతా వెళ్లిపోవడానికే కాదు, ఉండవలసి వచ్చినన్నాళ్లు తల ఎత్తుకుని ఉండడానికి కూడా అవసరమే.

అయితే ఒక్క హద్దు ఉంది. చెప్పకపోవడం వేరు, అడిగినప్పుడు లేదనడం వేరు. రేపు విషయం న్యాయస్థానం దాకా వెళ్తే చాలా దేశాల్లో ఇరువురూ తమ ఆస్తుల వివరాలు బయటపెట్టవలసి ఉంటుంది, దాచారని తేలితే ఆ డబ్బు కంటే పెద్ద నష్టం మీ మాట విలువకు జరుగుతుంది. ఇంతకన్నా తొందర పని మరొకటుంది. ఇంటి అప్పు పత్రంలో మీ సంతకం ఉందేమో చూడండి. ఇద్దరూ సంతకం చేసిన అప్పుకు, మీరు విడిపోయినంత మాత్రాన అప్పిచ్చినవారు ఒకరిని వదిలిపెట్టరు.

నిలకడ:
హద్దు గురించి గట్టు గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఆయన అడిగితే భయపడవలసిన పరిస్థితి ఉంటే నా సలహా వర్తించదు, అప్పుడు దాచుకోవడమే సరైనది. ఆ మాట ముందే చెప్పి ఉండవలసింది.

వేకువ:
భయం లేదు, అలసట ఉంది. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక, నా సంపాదన నా పేరున ఉంచుకుంటానని అడిగాను. ఆయన చాలాసేపు టీవీ వైపే చూసి, “వచ్చే నెల నుంచి చూద్దాం” అన్నారు. ఇప్పటికే ఖాతా తెరిచానని చెప్పలేకపోయాను, వచ్చే నెల ఆయన కాదంటే చెప్పి తీరాలని మాత్రం నిశ్చయించుకున్నాను. తరువాత బీరువాలోంచి అప్పు పత్రం తీసి చూశాను. చివరి పేజీలో ఆయన సంతకం కింద నాదీ ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు గుర్తు లేదు.