మూడో తరగతి పిల్లల పఠనానికి థెరపీ డాగ్‌ను బడిలోకి తీసుకురావచ్చా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, మధురవాడ)

మాది విశాఖపట్నంలోని ఒక ప్రాథమిక పాఠశాల. మూడో తరగతిలో కొందరు పిల్లలకు అక్షరాలు, గుణింతాలు వచ్చినప్పటికీ తరగతి ముందు వాచకం చదవమంటే నోరు పెగలడం లేదు. ఒక పాప ‘చంద్రుడు’ అన్న పదం దగ్గర వేలు ఆపి, వెనక వరుస వైపు చూసి, ఎవరో నవ్వినట్లు అనిపించగానే పుస్తకం మూసేస్తుంది. అదే పాప విరామ సమయంలో ఒకటో తరగతి చదివే తమ్ముడికి ఆ పాఠాన్నే గడగడా చదివి వినిపిస్తుంది.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఇంటర్‌మౌంటెన్ థెరపీ ఆనిమల్స్ అనే సంస్థ 1999లో ఒక కార్యక్రమం మొదలుపెట్టిందని, అందులో పిల్లలు థెరపీ డాగ్ (మనుషులకు ఊరటనిచ్చేలా శిక్షణ పొందిన కుక్క) పక్కన కూర్చుని దానికి కథలు చదివి వినిపిస్తారని తెలుసుకున్నాను. మా విద్యార్థి తల్లి ఒకరి ఇంట్లో నెమ్మదైన లాబ్రడార్ ఉంది. వారానికి ఒకసారి తీసుకురావడానికి ఆవిడ సిద్ధంగా ఉన్నారు. విద్యాసంస్థల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత, మనమే ఒక కుక్కను లోపలికి తెస్తే తల్లిదండ్రులు ఏమంటారోనని హెచ్‌ఎం గారు వెనకాడుతున్నారు. విషయం తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం (పశువైద్యుడు, ఎంవీపీ కాలనీ)

మేడమ్, ఆ ఆదేశం వీధికుక్కల గురించినది. అయినా హెచ్‌ఎం గారి జాగ్రత్త సబబైనదే కాబట్టి, విద్యాశాఖ అధికారుల నుంచి లిఖితపూర్వక అనుమతి, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం లేకుండా ముందుకు వెళ్లకండి.

ఇంట్లో నెమ్మదిగా ఉన్నంత మాత్రాన అది థెరపీ డాగ్ అయిపోదు. కొత్తవారు చెవులు, తోక, పాదాలు పట్టుకున్నా, పక్కనే స్టీలు కంచం కింద పడినా, నలుగురు పిల్లలు ఒక్కసారిగా చుట్టుముట్టినా బెదరకుండా, నేల మీద పడిన అన్నం ముద్ద జోలికి పోకుండా ఉంటుందో లేదో శిక్షకుల సమక్షంలో ముందుగా పరీక్షించాలి. ఏటా రేబీస్ టీకా, క్రమం తప్పకుండా నులిపురుగుల మందు, పిడుదులు లేని శుభ్రమైన చర్మం తప్పనిసరి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) లైసెన్సు కూడా చూడండి. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లలెవరో ముందే తెలుసుకోవాలి. చదవడం అయ్యాక, మధ్యాహ్న భోజనానికి కూర్చునే ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మన ఊరి ఉక్కపోతను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కుక్క ప్రధానంగా రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు నోటి తడి త్వరగా ఆరదు కనుక అది ఎంత రొప్పినా చల్లబడదు. అందువల్ల ఉదయం మొదటి పీరియడ్‌లో, ఫ్యాను కింద, పక్కన నీళ్ల గిన్నె పెట్టి మాత్రమే కూర్చోబెట్టండి. నిద్ర రాకుండానే పదే పదే ఆవలించడం, మూతి నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం దాని ఇబ్బందికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా, పిల్లవాడు కథ మధ్యలో ఉన్నా సరే, ఆ రోజుకు దాన్ని ఇంటికి పంపించేయాలి.

సమాధానం (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, గాజువాక)

అమ్మా, కుక్క ఒత్తులు నేర్పదు. ఈ విషయంపై జరిగిన అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2016లో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. ప్రయోజనం ఉన్నట్లే కనిపిస్తున్నా ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని అది తేల్చింది. కాబట్టి తల్లిదండ్రులకు మార్కులు పెరుగుతాయని మాట ఇవ్వకండి. తప్పు చదివినా ఎవరూ నవ్వరన్న ధైర్యం ఆ పాపకు వస్తే, నా దృష్టిలో అదే ఎంతో విలువైనది. పక్కన కూర్చునే యజమానురాలు ‘అలా కాదు, మళ్లీ చదువు’ అన్నారంటే ఆ ధైర్యం అక్కడే పోతుంది. పాప తడబడితే ‘ఈ మాట దీనికి అర్థం కాలేదేమో, ఇద్దరం కలిసి చెబుదామా’ అనడం వారికి ముందే నేర్పాలి. తడబడిన పదాలు రాసి ఉంచి మీకు ఇస్తే, తరువాత తరగతిలో మీరు నేర్పవచ్చు. పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి. తరగతి కంటే తక్కువ స్థాయిది తీసుకున్నా అడ్డు చెప్పవద్దు.

సమాధానం (ఒక తల్లి, పెందుర్తి)

టీచర్ గారూ, మా అబ్బాయిని గతంలో వీధికుక్క కరిచింది. ఇప్పటికీ కుక్క అరుపు వినిపిస్తే నా వెనక్కి వచ్చి దాక్కుంటాడు. అలాంటి పిల్లలను బలవంతంగా దగ్గరకు తీసుకెళ్లవద్దని, వద్దన్నవారికి వేరే గదిలో చదువుకునే వీలు కల్పించాలని కోరుతున్నాను. దానికంటే పెద్ద భయం మరొకటి ఉంది. బడిలో లాబ్రడార్ మెడ నిమిరిన పిల్ల, సాయంత్రం ఇంటికి వస్తూ చెత్తకుండీ దగ్గర తన కూనలను కాస్తున్న కుక్కను కూడా అలాగే నిమరబోతే ఏమవుతుంది? తెలియని కుక్కను తాకకూడదని, తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాని దగ్గరకు వెళ్లకూడదని, తరిమితే పరుగెత్తకుండా చేతులు దగ్గరకు పెట్టుకుని కదలకుండా నిలబడాలని ముందు నేర్పండి. కరిచినా, గీరినా తిడతారని దాచకుండా వెంటనే చెప్పమనండి. గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపు, కారం వంటివి పూయకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలని మా పెద్దవాళ్లకు కూడా ఒకసారి చెప్పించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పెందుర్తి మేడమ్ చెప్పిన పాఠంతోనే మొదలుపెడతాను. అది కుక్క వచ్చినా రాకపోయినా మా పిల్లలకు అవసరమే. డాక్టర్ గారూ, లాబ్రడార్‌ను పరీక్షించే రోజున మీరు కూడా వచ్చి చూడగలిగితే హెచ్‌ఎం గారికి నమ్మకం కలుగుతుంది. ఎండలు తగ్గాక, నవంబరులో ఏ శనివారం ఉదయమైనా మీకు వీలవుతుందేమో తెలియజేయగలరు.