పికప్‌కి ఆల్ సీజన్ టైర్లు: ఏవి వెయ్యాలబ్బా?

కావలి కుర్రోడు:
అన్నా, పొద్దుట్నించి నెల్లూర్లో టైర్ల షాపులు తిరిగి తిరిగి బుర్ర వేడెక్కింది. ఒకాయన రిబ్ (చుట్టూ గాళ్లున్నది) అంటాడు, ఇంకొకాయన లగ్ (అడ్డంగా పెద్ద గడ్డలున్నది) అంటాడు. మూడో షాపులో ఆల్ సీజన్ అని చూపించి ఎండకీ వానకీ ఇదే అంటున్నారు. వానలు పట్టుకునే లోపల మార్చాల. పికప్‌కి ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి.

గ్రీజు చేతులు:
ఏ బండి? ఏ సైజు?

సింగరాయకొండ స్టీరింగ్:
టైరు ఏదైనా ముందు నైట్రోజన్ పట్టించు తమ్ముడూ. మామూలు గాలిలో తేమ ఉంటుంది, మన ఎండలకి ప్రెషర్ ఎక్కువ తక్కువలు అవుతుంది, లోపల రిమ్ తుప్పు పడుతుంది. నెలకోసారి నైట్రోజన్ నింపిస్తే టైరు ఆయుష్షు పెరుగుతుంది. ఎవరూ పట్టించుకోరు ఇది.

గ్రీజు చేతులు:
బయట గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

కావలి కుర్రోడు:
బొలెరో పికప్. టైరు మీద 215/75 ఆర్15 అని ఉంది. రొయ్యల లోడు.

ఒంగోలు ఇరుసు:
ఇది మొదట్లోనే చెప్పాల్సింది. అదే 215/75 ఆర్15 సైజు జనం ఎక్కే బొలెరో జీపుకీ వస్తుంది. నీకు చూపించిన ఆల్ సీజన్ ఆ రకమేమో చూసుకో. సైజు పక్కనే 100ఎస్ (100 బరువు అంకె, ఎస్ వేగం గుర్తు) అని ఉంటే ఒక్కో టైరు మోసేది 800 కిలోలు, వెనక రెండూ కలిపి 1,600. నీ ఆర్‌సీలో వెనక ఇరుసు బరువు ఎంత రాశారో చూడు. అందులో సగానికి తగ్గిన టైరు వెయ్యొద్దు. 104 అంటే 900 కిలోలు, 108 అంటే 1,000. ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ అని రాసున్న టైరే అడుగు. జీపు టైరు మెత్తగా పోతుంది, బాగానే ఉందనిపిస్తుంది. లోడు పడ్డాక పక్క గోడ వంగి వంగి వేడెక్కి బుడగ లేస్తుంది.

ఇక ఆల్ సీజన్ సంగతి. అది మంచు పడే దేశాల లెక్క. 7 డిగ్రీల కిందకి పోతే ఎండాకాలం టైర్ల రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి అక్కడ కావాలి. మనకి ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, అంతే. వానకి పనికొచ్చేది చుట్టూ తిరిగే లోతైన నీటి గాడి. ఆల్ సీజన్ టైరు మీద ఉండే ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) గుర్తు కంపెనీవాళ్లు వాళ్లంతట వాళ్లు వేసుకునేది, దానికి పరీక్షేం లేదు.

గుడ్లూరు లోడు:
8 ప్లై వేసుకో, 8 పొరలుంటాయి, ఏమీ కాదు.

ఒంగోలు ఇరుసు:
టైరు మీద రాసే 8 పీఆర్ (ప్లై రేటింగ్) అంటే 8 పొరలని కాదు బాబాయ్. పాత నూలు టైర్ల లెక్కలో అంత బలమని. ఇప్పటి రేడియల్ టైర్లలో అన్ని పొరలుండవు.

గుడ్లూరు లోడు:
షాపోడు కూడా ప్లై అనే అంటాడు. నువ్వొక్కడివే కొత్త లెక్క చెప్తున్నావు.

గ్రీజు చేతులు:
బరువు అంకె చూసుకుంటే ఈ గొడవే ఉండదు.

కావలి కుర్రోడు:
సరే గాని రిబ్బా లగ్గా? చెరువు గట్ల మీద తిరగాల. ముందు రెండే మార్చాలనుకుంటున్నా, లోపలి అంచు నున్నగా అయిపోయింది.

ఒంగోలు ఇరుసు:
ఏందయ్యా, ఒక్కోటి ఒక్కోసారి చెప్తావు! ముందు రెండిటికీ లోపలి అంచే పోతుంటే అది టైరు తప్పు కాదు. జాకీ ఎత్తి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుదుపు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు లూజుంటే తెలిసిపోతుంది. పైనా కిందా పట్టి కుదిపితే ఆడేది హబ్ బేరింగో, చక్రం పక్కకి తిరిగే కీలు కింగ్ పిన్నో. అరచేత్తో టైరు మీద అడ్డంగా రుద్దు. పోయేటప్పుడు నున్నగా, వచ్చేటప్పుడు గరుగ్గా తగిలితే టో తేడా, అంటే చక్రాలు తిన్నగా లేక లోపలికో బయటికో తిరిగి ఉన్నాయని. అవి సరిచేయించి, కొత్త టైర్లు బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించు. లేకపోతే కొత్తవీ ఇట్టాగే పోతాయి.

ముందు రిబ్, స్టీరింగ్ తిన్నగా ఉంటుంది. వెనక సగం లగ్ ఉన్న మిక్స్ పేటర్న్. పూర్తి లగ్ వేస్తే గట్టు మీద పట్టు బాగుంటుంది గాని హైవే మీద హోరు, తడి తారు మీద పట్టు తక్కువ. ఒక ఇరుసుకి రెండు రకాలు కలపొద్దు.

గ్రీజు చేతులు:
రొయ్యల బండి కదా, ఐసు కరిగిన ఉప్పునీళ్లు రిమ్ముల మీద పడతాయి. టైరు విప్పినప్పుడు అంచు కూర్చునే చోట వైరు బ్రష్‌తో తుప్పు గీకించు. ట్యూబ్‌లెస్‌లో సన్నగా గాలి దిగేది అక్కడే. రబ్బరు వాల్వు కొత్తది వేయించు. తయారీ అంకె 2325 అంటే 2025లో 23వ వారం. పాత సరుకు అంటగడతారు, చూసుకో.

సింగరాయకొండ స్టీరింగ్:
అందుకే నైట్రోజన్ అన్నది.

ఒంగోలు ఇరుసు:
అన్నా, ఆ తుప్పు బయటి ఉప్పునీళ్లది. ప్రెషర్ పొద్దున బండి కదలకముందు చూడాలి. ఎండలో హైవే మీద వచ్చి ఎక్కువుందని గాలి తీస్తారు చాలామంది. చల్లారాక తక్కువైపోతుంది, మళ్లీ లోడెక్కితే టైరు ఉడికిపోతుంది.

కావలి కుర్రోడు:
థాంక్స్ అన్నా. ఆర్‌సీ మా నాయన దగ్గరుంది, చూస్తా. టై రాడ్ ఎండు ఒకటి ఆడుతోంది.

గుడ్లూరు లోడు:
మా టాటా ఏస్‌కి 145 ఆర్12, వెనక రీట్రెడ్ (పాతదానికి కొత్త రబ్బరు అతికించింది) వెయ్యొచ్చా ఎవరన్నా చెప్పండి.