జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో మాత్రం పడటం లేదు. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌లో ఉన్నాను, నాలుగేళ్లు దాటింది. జీతం స్లిప్పులో నెలనెలా 1,800 పీఎఫ్ కింద కోత చూపిస్తున్నారు. అమ్మ కంటి ఆపరేషన్‌కి పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసుకుందామని మొన్న ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూస్తే, గుండె ఆగినంత పనైంది. పదకొండు నెలలుగా ఒక్క రూపాయి జమ లేదు. తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలని కదా రూలు?

మేనేజర్‌ని అడిగితే "సర్వర్ ప్రాబ్లం, వస్తాయిలే" అన్నాడు. పదకొండు నెలల సర్వర్ ప్రాబ్లం అన్నమాట! రెండోసారి అడిగానో లేదో, పట్టుచీరల సెక్షన్ నుంచి తీసి గోడౌన్‌లో పడేశారు. అక్కడ ఇన్సెంటివ్ ఉండదు, రోజంతా బేళ్లు విప్పి ట్యాగులు కొట్టడమే. పైగా చేరేటప్పుడు తీసుకున్న నా టెన్త్ ఒరిజినల్ మెమో వాళ్ల బీరువాలోనే ఉంది. మానేద్దామన్నా అదే భయం.

పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నా పేరు ఓనర్‌కి తెలిసిపోతుందా? నాతో పాటు ఇంకో ఆరుగురిదీ ఇదే పరిస్థితి. అందరం కలిసి పీఎఫ్ ఆఫీసులో కాగితం ఇస్తే మేలా? స్లిప్పులు వాట్సాప్‌లో ఫొటోలుగానే ఉన్నాయి, సరిపోతాయా? మెమో కోసం లేబర్ ఆఫీసుకు వెళ్లాలా, పోలీస్ స్టేషన్‌కా?

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎన్నాళ్లు పట్టిందో కూడా చెప్పండి. లాయర్‌ని పెట్టుకోమని మాత్రం అనకండి, అంత స్తోమత లేదు.