ధాన్యం పండే కోనసీమలో రేషన్ బియ్యానికి అంత సంబరమా?

అమలాపురం కుర్రాడు:
ఒక డౌటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే అయిపోయింది. మా చుట్టూ కాలువలే, సార్వా, దాళ్వా రెండూ పండుతాయి. మరి 1983లో కిలో 2 రూపాయల బియ్యం వస్తే మా వైపు జనం పండగ చేసుకున్నారంటారు నాన్న. ఇక్కడ బియ్యానికి కటకట ఏంటి?

పాత కాటా:
పొలం ఉన్నోళ్లకి గాదె ఉంటుంది బాబూ, మాకు పొలమే లేదు. అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్లేది, కోతల కూలి ధాన్యంగానే ఇచ్చేవారు. వేసవిలో కాలువలు కట్టేస్తే పని ఉండదు. రైతు దగ్గర బస్తా ధాన్యం తెచ్చుకుని, కోతలయ్యాక బస్తాన్నర తీర్చేవాళ్లం. ఎన్టీఆర్ పథకంలో మనిషికి 5 కిలోలు, కార్డుకి మాత్రం 25 దాటదు. ఇంట్లో మేం ఏడుగురం, నెలాఖరుకి టెన్షనే. అయినా ఆ బస్తాన్నర అప్పు తప్పింది.
అప్పట్లో నేను ఒక డిపోలో కాటా వేసేవాణ్ణి. డబ్బా బరువు తీయకుండానే తూచమనేవాడు డీలరు. తూచాను. బియ్యం ముక్క వాసన వచ్చేవి. అమ్మ చేటలో చెరిగి, రాళ్లు ఏరి, నూకలు జావకి విడిగా దాచేది.

గన్నవరం కోడలు:
మాది లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ గారు (1841–1909) గోదావరి దాటి వచ్చినవాళ్లకి వేళకాని వేళలోనూ వండిపెట్టిన ఊరు. 2024లో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. మా అత్తగారు కొబ్బరి పీచు పని చేసి చేసి వేలిముద్రలు అరగ్గొట్టుకున్నారు. డిపోలో మిషన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ "సీతమ్మ గారు ఏ వేలు చూసి పెట్టారే?" అంటారు. 2023 నుంచి బియ్యం ఉచితమే, వేలు పడితే!

అమలాపురం కుర్రాడు:
ధర మధ్యలో పెరిగిందని, 2008లో మళ్లీ 2కి, 2011లో రూపాయికి తెచ్చారని చదివాను. కాటా బాబాయ్ గారూ, ఆ డబ్బా సంగతి మీ అమ్మగారికి తెలుసా?

పాత కాటా:
తెలియకేం. మా ఇంటి బియ్యం కూడా ఆ డబ్బాలోనే తూచేవాళ్లం. ఇంటికి రాగానే తవ్వతో కొలిచేది. ఎంత తగ్గాయో నాతో అనేది కాదు. మర్నాడు నా గిన్నెలో జావ పలచగా పోసేది.