అపెండిక్స్‌లో రాయి ఉండి, మందులతో తగ్గాక నొప్పి తిరగబెట్టింది: ఆపరేషన్ తప్పదా?

మా తమ్ముడికి 28 ఏళ్లు. జూన్‌లో ఒక రాత్రి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లవారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. వాంతులు, 100.4 జ్వరం. సీటీ స్కాన్‌లో అపెండిక్స్ 10 మి.మీ. వాచి ఉంది. చిల్లు పడలేదు, చీము లేదు, కానీ లోపల 5 మి.మీ. రాయి ఉంది. ఉద్యోగ పరీక్ష దగ్గరపడటంతో ఆపరేషన్ వద్దన్నాడు. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ నరానికి ఎక్కించి, తర్వాత మాత్రలిచ్చారు. నొప్పి పూర్తిగా పోయింది.

ఇప్పుడు అదే చోట తిరగబెట్టింది. దగ్గినా, బండి గతుకులో పడినా పొడిచినట్టుంటుంది. జ్వరం లేదు, తెల్లరక్తకణాలు 9,800, అంటే మామూలుగానే ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో గ్యాస్ అడ్డొచ్చి అపెండిక్స్ కనబడనే లేదు (డబ్బు దండగ). ఒక సర్జన్ ల్యాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) తీసేద్దామంటున్నారు, మరొకరు యాంటీబయాటిక్స్ ఇంకో కోర్సు వాడి చూద్దామంటున్నారు. జ్వరమో వాంతులో వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు ఇద్దరూ.

నేను చదివినంతలో, ఫిన్లాండ్ అధ్యయనంలో మందులు వాడినవారిలో ఐదేళ్లలో 39 శాతం మందికి జబ్బు తిరిగొచ్చింది. అందులో రాయి ఉన్నవారిని చేర్చుకోనే లేదు. 2020 నాటి అమెరికా అధ్యయనంలో రాయి ఉండి మందులు వాడినవారిలో 41 శాతం మందికి 90 రోజుల్లోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

రాయి ఉండి, ఇలా తిరగబెట్టాక రెండోసారి కూడా మందులే వాడినవారికి ఆపరేషన్ తప్పిందా?